అమ్మమ్మ సూది పరీక్ష

ఆ పేటలో కారు నేర్చుకునే పిల్లలకి లైసెన్సు ఆఫీసంటే భయం లేదు. వాళ్ళ భయమంతా సూదికే. డాక్టరు సూది కాదు, బస్సమ్మ సూది.

బస్సమ్మ ఇరవయ్యారేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైంది. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని డ్రైవింగ్ స్కూలు పెట్టింది. స్కూలంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, నాలుగు బెంచీలు, గోడకి ట్రాఫిక్ గుర్తుల పటం, బయట తెల్ల కారు ఒకటి. ఆ కారులో ముందు సీట్లు రెండింటి దగ్గరా బ్రేకు పెడళ్ళు ఉంటాయి. నడిపేవాళ్ళు తొక్కాల్సిన చోట తొక్కకపోతే పక్కవాళ్ళు తొక్కడానికి ఆ ఏర్పాటు. రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి కాబట్టి ఒకటి నొక్కితే రెండోది కూడా దానంతటదే కిందికి దిగుతుంది.

ఆ రెండో బ్రేకు దగ్గర కూర్చునే పని బస్సమ్మ భర్తది. ఆయన ఒకప్పుడు ఆవిడ బస్సులోనే కండక్టరు. "అప్పట్లో నేను విజిలేస్తే ఆవిడ బస్సు ఆపేది. పెళ్ళయ్యాక ఆవిడ ఓ చూపు చూస్తే చాలు, నేనే ఆగిపోతున్నాను" అని ఎవరొచ్చినా చెబుతాడు. ఆవిడ వినపడనట్టు ఊరుకుంటుంది. పెళ్ళయినప్పటినుంచీ వింటున్న జోకు మరి.

ఇక సూది సంగతి. నలభై రోజుల శిక్షణ అయ్యాక పిల్లలు లైసెన్సు పరీక్షకి వెళ్ళాలంటే బస్సమ్మ సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ సంతకానికి ముందు ఆవిడ సొంత పరీక్ష ఒకటుంది. భర్త చొక్కా ఒకటి తీసుకుని దాని గుండీలు నాలుగు ఊడదీస్తుంది. సూది, దారపు ఉండ, చొక్కా పట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంటుంది. పిల్లవాడో పిల్లో అరగంట సేపు పేటంతా తిప్పాలి. ఆ అరగంటలో ఆవిడ సూదిలోకి దారం ఎక్కించి నాలుగు గుండీలూ కుట్టాలి. వేలికి ఒక్కసారైనా గుచ్చుకుందా, సంతకం లేదు. ఇంకో రెండు వారాలు నేర్చుకుని మళ్ళీ రావాలి. ఏడ్చినా, అమ్మానాన్నల్ని తీసుకొచ్చినా ఆవిడ మాట మారదు.

"బస్సులో అరవైమంది నిలబడి ఉంటారు. చేతిలో సంచి, చంకలో పిల్లాడు. నేను బ్రేకు తొక్కితే ఒక్కరు తూలకూడదు. అలా నడిపాను ఇరవయ్యారేళ్ళు. మీరు ఒక్క ముసలమ్మని కుదుపు లేకుండా తిప్పలేరా?" అనేది ఆవిడ వాదం.

వాదంలో పస లేదని ఎవరంటారు? పదకొండేళ్ళలో రెండొందలమందికి పైగా పిల్లలు ఆ సూదిని దాటి రోడ్డెక్కారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వాళ్ళు, రక్తం సలసలా మరిగే వయసు. అయినా ఒక్కడూ ఎవరినీ గుద్దలేదు. బస్సమ్మ కూతురు పెద్దాసుపత్రిలో ఎముకల వార్డులో నర్సు. ఏటా ఒకసారి తల్లి దగ్గర కూర్చుని, "ఈ ఏడు కూడా నీ పిల్లలెవరూ నా వార్డుకి రాలేదమ్మా" అంటుంది. ఆ మాట విన్న రోజు బస్సమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింటుంది.

ఆ నర్సు కూతురే పిట్ట. మనిషి పిట్టంత ఉంటుందని తాత పెట్టిన పేరు. పద్దెనిమిది నిండగానే అమ్మమ్మ దగ్గర చేరింది. సీటు కింద పిడి పట్టుకుని పైకంటా లేపుకుంటే గానీ దానికి రోడ్డు సరిగా కనిపించదు. కానీ మాట నేర్చిన పిల్ల, మహా ఓపిక కూడా. పశువుల డాక్టరమ్మ ఒకావిడ తనకి సహాయంగా మనిషి కావాలంటే వెళ్ళి కలిసింది. ఊరి చుట్టూ పాకల్లోకి, గుర్రపుశాలల్లోకి మందులపెట్టె వేసుకుని వ్యాను నడుపుకుంటూ వెళ్ళే పని. జంతువుల్ని పిట్ట పట్టుకునే తీరు చూసి డాక్టరమ్మ అక్కడికక్కడే సరేనంది. లైసెన్సు తెచ్చుకుని సోమవారానికల్లా చేరాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానంది. లైసెన్సు పరీక్ష శనివారం. అమ్మమ్మ సంతకంతో కాగితం శుక్రవారం సాయంత్రంలోపు ఆఫీసులో ఇవ్వాలి.

మనవరాలు కదా అని బస్సమ్మ కాస్త చూసీచూడనట్టు పోతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ ఇంకా బిగించింది. మిగతా పిల్లల్ని ఒకసారి కారు చుట్టూ తిరిగి చూసి ఎక్కమంటే, పిట్టని రెండుసార్లు తిప్పేది. ఫోను స్విచాఫ్ చేసి ముందున్న అరలో పెట్టావా అని అందరినీ అడిగేది. పిట్ట పెట్టాక అర తెరిచి స్వయంగా చూసేది. తాత ఉండబట్టలేక, "ఏమిటే, అది నీ మనవరాలా, పోలీసులకి దొరికిన దొంగా?" అన్నాడు. "మనవరాలు కాబట్టే" అంది ఆవిడ, అంతకంటే వివరించకుండా.

పరీక్ష బుధవారం ఉదయం పెట్టుకున్నారు. స్టీరింగు దగ్గర పిట్ట, పక్కన తాత, వెనక బస్సమ్మ. పరీక్షలో ముందున్నవాళ్ళు మాట్లాడకూడదనేది మరో రూలు.

మొదటి గుండీ మార్కెట్ రోడ్డు దాటేలోపే అయిపోయింది. రెండోది స్కూలు ముందు. అక్కడ పిల్లలు రోడ్డు దాటుతుంటే పిట్ట ఎంత మెత్తగా ఆపిందంటే, ఆగిన సంగతి బస్సమ్మకి కిటికీలోంచి చూస్తే గానీ తెలియలేదు. ఆవిడ మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు గానీ లోపల పొంగిపోతోంది. వెన్న అనే కుర్రాడు ఒకడు పోయినేడు నేర్చుకున్నాడు. వాడి నడకలోని మెత్తదనం చూసి ఆవిడే పెట్టిన పేరది. ఈ పిల్ల వాణ్ణి మించిపోయింది అనుకుంది. తనలో తాను మురిసిపోతూ మూడో గుండీ అందుకుంది.

అప్పటికి కారు లాండ్రీ ముందు నుంచి పైకి ఎక్కే వీధిలోకి వచ్చింది. ఎడమవైపు లాండ్రీ వాళ్ళ వ్యాను ఆగి ఉంది. కారు దాని దాకా ఇంకా వెళ్ళనే లేదు. ఉన్నట్టుండి పిట్ట బ్రేకు మీద కాలు బలంగా వేసింది. కారు దబ్బున ఆగింది. దారపు ఉండ ముందు సీటు కిందికి దొర్లిపోయింది. సూది బస్సమ్మ బొటనవేల్లో సగం దిగింది.

"అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకుని ఆవిడ తలెత్తి చూసింది. ఎదురుగా రోడ్డు ఖాళీ. పేవ్‌మెంటు ఖాళీ. కాకి కూడా లేదు.

"ఏమొచ్చిందే?"

"కాళ్ళు, అమ్మమ్మా" అంది పిట్ట. కళ్ళు ఇంకా వ్యాను మీదే ఉన్నాయి. "వ్యాను కింద నుంచి చిన్న కాళ్ళలా కనిపించాయి. అవతల ఎవరో పిల్లలు నిలబడ్డట్టు."

"ఏరీ?"

ఎవరూ రాలేదు. వెనక దూరంగా వస్తున్న బండి దగ్గరికొచ్చి హారన్ కొట్టింది. బస్సమ్మ పోనిమ్మంది. పిట్ట నడక వేగంతో, వ్యానుకి బాగా ఎడంగా కారుని పోనిచ్చింది. దాటుతూ బస్సమ్మ మెడ సాచి మరీ చూసింది. వ్యాను అవతల మూసిన షట్టరు తప్ప ఇంకేం లేదు. చొక్కా మీద ఒక రక్తపు చుక్క పడింది. నాలుగో గుండీ కుట్టకుండానే మడిచి పక్కన పెట్టేసింది.

ఇంటి ముందు కారు ఆగాక, "రెండు వారాలు" అంది.

పిట్ట తలూపింది. దిగి, కారు తాళం తెచ్చి మేకుకి తగిలించి లోపలికి వెళ్ళిపోయింది. బతిమాలలేదు. బతిమాలి ఉంటే బస్సమ్మకి హాయిగా ఉండేది, నాలుగు చీవాట్లు పెట్టి చేతులు దులుపుకునేది. సూది గుచ్చుకున్న ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతాడు. కుక్క వచ్చిందంటాడు, చెప్పు జారిందంటాడు, కంట్లో ఎండ పడిందంటాడు. ఈ పిల్ల లేని కాళ్ళని పుట్టించింది అనుకుంది. అనుకుందే గానీ ఆ మాట తనకే రుచించలేదు. పిట్ట అబద్ధాలాడే పిల్ల కాదు.

మధ్యాహ్నం భర్త అన్నాడు, "ఒక సంగతి చెప్పనా? నా పాదం కింద పెడల్ దానంతటదే కిందికి పోయింది. నేను తొక్కాలని కూడా అనుకోలేదు అప్పటికి. అద్దంలో వెనక బండి ఎంత దూరంలో ఉందో చూసుకుని మరీ బ్రేకు కొట్టింది పిట్ట."

"మీకు కాళ్ళు కనిపించాయా?"

"లేదు."

"నాకూ కనిపించలేదు. మరి దానికొక్కదానికే ఎలా కనిపించాయండీ? మంత్రమా?"

ఆయన నోరు మూసుకున్నాడు. ఆవిడ చూపు చూసింది మరి.

సాయంత్రం కూతురు డ్యూటీ నుంచి వచ్చి సంగతంతా విన్నది. తల్లి వేలు పట్టుకుని చూసి, కాస్త మందు రాసింది. మనవరాలి తరఫున వకాల్తా పుచ్చుకుంటుందేమోనని బస్సమ్మ జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. కూతురు ఏమీ అడగలేదు. "నీ సంతకం విలువ నాకు తెలుసమ్మా" అని లేచి వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో ఎవరూ తనతో పోట్లాడరేమిటని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

లోపలి గదిలో పిట్ట ఫోను మాట్లాడుతోంది. "సోమవారానికి కుదరదు మేడమ్... లేదు లేదు, అమ్మమ్మ తప్పేం లేదు. అందరికీ ఒకటే రూలు... సరే మేడమ్, ఇంకొకర్ని చూసుకోండి. ఆ గోధుమరంగు గుర్రానికి కట్టు ఇప్పేటప్పుడు మాత్రం ఎడమవైపు నిలబడమనండి, కుడివైపు ఉంటే బెదురుతుంది." బస్సమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. రూలు మార్చాలని మాత్రం అనిపించలేదు. ఒక్కసారి మనవరాలి కోసం మారిస్తే రెండొందలమంది పిల్లల మొహం ఎలా చూస్తుంది?

కానీ తేల్చుకోకుండా ఉండలేకపోయింది. గురువారం పొద్దున్నే భర్తని లేపి కారెక్కించింది. ఈసారి స్టీరింగు దగ్గర తనే కూర్చుంది. అదే వీధి, అదే ఎత్తు. లాండ్రీ వ్యాను రోజూ ఆగే చోటే ఆగి ఉంది. కింద నుంచి పైకి ఎక్కుతుంటే వ్యాను అడుగుభాగం, దాని కింద సందు కనిపిస్తాయి. తనెప్పుడూ అటు చూసి ఎరగదు. ఇప్పుడు వెతుకుతూ చూసింది కాబట్టి కనిపించాయి. వెనక చక్రం పక్కన, గోధుమరంగులో, రెండు చిన్న పాదాలు.

ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. పాదాలేనా? కదలట్లేదేం? ఇంకాస్త ముందుకి వెళ్ళాక తేలింది. పాదాలు కావు, చక్రం కింద పెట్టిన రెండు కట్టెముక్కలు.

కారు పక్కకి ఆపి దిగింది. లాండ్రీ అతను బట్టల మూటలు ఎక్కిస్తున్నాడు. ఎత్తు మీద హ్యాండుబ్రేకు సరిగా ఆగదని రోజూ చక్రాలకి కట్టెలు అడ్డం పెడతానని చెప్పాడు. బస్సమ్మ అతనికి ముందు హ్యాండుబ్రేకు బాగుచేయించుకోమని ఓ పెద్ద క్లాసు పీకింది. ఆ తర్వాత అతని దగ్గర పాతది ఒకటి అడిగి తీసుకుంది. అరిగి అరిగి ఒక పక్క గుండ్రంగా అయిన చెక్క. చేతిలో పట్టుకుని చూస్తే చిన్నపిల్లాడి పాదం పొడవే ఉంది.

దారంతా ఆవిడ మొహం వెలిగిపోతోంది. పిల్ల అబద్ధమాడలేదు, అదొక సంతోషం. తన రూలూ తప్పలేదు, అది ఇంకో సంతోషం. పొరపాటు పడి బ్రేకు కొట్టింది, పొరపాటుకి రెండు వారాలు. లెక్క సరిపోయింది.

ఇంటికొచ్చేసరికి పిట్ట బల్ల దగ్గర టీ తాగుతోంది. బస్సమ్మ కట్టెముక్కని టక్కున దాని ముందు పెట్టింది.

"ఇదిగో, నీ కాళ్ళు."

పిట్ట దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఒక్కసారిగా మొహం విప్పారింది. "ఇవేనా? అమ్మయ్య! నిన్నటినుంచీ ఆ పిల్లలెవరో, ఎటు పోయారో అని ఒకటే ఆలోచన."

బస్సమ్మ ఇది ఊహించలేదు. "నవ్వుతావేంటే? చెక్కముక్కని చూసి బ్రేకు కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నావ్. తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"మరి నిన్న కాళ్ళన్నావ్?"

"కాళ్ళలా ఉన్నాయన్నాను అమ్మమ్మా. కాళ్ళో కావో నాకూ తెలీలేదు. తేల్చుకునేదాకా చూస్తే ఈలోపు వ్యాను దాటిపోతాం కదా. చెక్కయితే నీ వేలికి గుచ్చుకుంటుంది, అంతే. కాళ్ళయితే?"

"నా వెనక సూది ఉందని గుర్తులేదా ఆ క్షణంలో?"

పిట్ట టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "గుర్తుంది. కాలు వేసేటప్పుడే గుర్తొచ్చింది. ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. పోతే పోయిందనుకున్నాను."

బస్సమ్మ బెంచీ మీద కూలబడింది. పొద్దున తను ఏం చేసింది? పాదాలేనా అని కళ్ళు చికిలించింది. తేల్చుకుంది. తేల్చుకునేసరికి కారు వ్యాను వెనక చక్రం దాకా వచ్చేసింది. తన కాలు బ్రేకు మీదికి పోనేలేదు. అక్కడ ఏదో ఉందని ముందే తెలిసి, వెతకడానికే వెళ్ళిన మనిషి, ఇరవయ్యారేళ్ళ సర్వీసు ఉన్న మనిషి. ఆ కట్టెముక్కలు నిజంగా కాళ్ళయి ఉంటే?

"ఏమండీ, పొద్దున నేను బ్రేకు తొక్కానా?" అని భర్తనడిగింది.

"లేదు" అన్నాడాయన. ఇంకేమీ కలపలేదు, ఆయన మంచితనం అది.

ఆవిడ మనవరాలి వైపు చూసింది. పిట్టంత మనిషి, ఇంకా చేతిలో చెక్క తిప్పుతూ కూర్చుంది. తన దగ్గర నేర్చుకున్నదే, కానీ తను నేర్పనిది చేసింది. బస్సమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి బాధతో వచ్చినవి కావు, నలుగురినీ పిలిచి చూపించుకోవాలన్నంత గర్వం. జీవితంలో ఎవరినీ చూసి ఆవిడకి అంత గర్వం కలగలేదు, తనని చూసుకుని కూడా కలగలేదు.

"ఆ కాగితం పట్రా" అంది.

"రూలో?"

"రూలు పెట్టినదాన్ని నేను. తప్పు రూలు పెట్టాను. పట్రా అంటుంటే!"

సంతకం పెట్టి, ఆవిడే డాక్టరమ్మకి ఫోను చేసింది. మీరు ఇంకా ఎవరినీ తీసుకోలేదు కదా అని మొదలుపెట్టి పావుగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో గానీ, అవతల డాక్టరమ్మ చివరికి, "అమ్మా, మీరు పొగిడింది చాలు, పంపించండి" అందట. శనివారం పిట్ట మొదటిసారే లైసెన్సు పరీక్ష పాసైంది. సోమవారం పొద్దున తెల్లవారుతూనే మందులపెట్టెతో పనికి వెళ్ళింది.

బస్సమ్మకి మాత్రం పని మిగిలింది. లైసెన్సు పరీక్ష మర్నాడు, ఆదివారమే, పాత పిల్లలందరికీ కబురు పెట్టింది. వచ్చినవాళ్ళతో ముందుగది నిండిపోయింది. బెంచీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ జరిగిందంతా చెప్పింది. తను గురువారం పొద్దున బ్రేకు తొక్కని సంగతి కూడా దాచలేదు. చెప్పి, "నా సూదికి భయపడి బ్రేకు గట్టిగా తొక్కకుండా ఊరుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

వెన్న చెయ్యెత్తాడు. వాడి చెవులు ఎర్రబడి ఉన్నాయి. "నా పరీక్ష రోజు కుక్కపిల్ల ఒకటి అడ్డమొచ్చింది టీచర్. సూది గుర్తొచ్చి మెల్లగా తొక్కాను. అదే తప్పుకుంది, నేను తప్పించలేదు." వాడి వెనక ఇంకో రెండు చేతులు లేచాయి.

పదకొండేళ్ళుగా తను నేర్పానని చెప్పుకున్నదాంట్లో అదృష్టం పాలెంతో బస్సమ్మకి అప్పుడర్థమైంది. తల దించుకోవాల్సిన సంగతే. ఒక నిమిషం దించుకుంది కూడా. తర్వాత బల్ల మీదున్న చెక్కని తీసి అందరికీ కనిపించేలా పైకెత్తింది.

"చూడండి. ఇది లాండ్రీ వ్యాను చక్రం కింద పెట్టే చెక్క. దీని కోసం నా మనవరాలు చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుని బ్రేకు కొట్టింది. మీరు మెత్తగా నడుపుతారు, నాకు తెలుసు, నేనే నేర్పాను. ఇవాళ్టినుంచి మళ్ళీ నేర్చుకుందాం. ముందు నేను నేర్చుకోవాలి. సోమ, బుధ, శుక్రవారాలు పిట్ట పని నుంచి వచ్చాక మనందరికీ క్లాసు చెబుతుంది. నేను మొదటి బెంచీలో కూర్చుంటాను, ఎవరూ ఆ చోటు ఆక్రమించకండి."